సత్యమొక్క మతమునకే సొత్తగునా?

లోకమునందు మతములు పెక్కులు గలవు. వానిలో కొన్ని “మా మార్గము మంచిది” అని చెప్పి యూరకుండును. మరికొన్ని “మా మార్గమొక్కటియే దైవనిర్మితము, తక్కినవన్నియు మనుష్యకల్పితములు” అని చాటును. ఈ రెండవ మాట సామాన్యమైనది కాదు. అది నిజమైన పక్షమున మనము పూర్వాచారమును, బంధుమిత్రులను, వలసినచో సర్వస్వమును విడిచి యా మార్గమునే చేరవలెను. అది నిజము కాని పక్షమున, దానిని నమ్మి యన్యులను తృణీకరించుట గొప్ప యపచారమగును. కాబట్టి దీనిని పరిహాసముతో త్రోసివేయుటయు తగదు. పరీక్షింపక యంగీకరించుటయు తగదు.

ఈ విచారణకు మేము అమెరికా దేశమున పుట్టిన మోర్మను మతమును దృష్టాంతముగ గైకొంటిమి. ఇందుకు కారణములు రెండు. ఆ సంఘ మేర్పడి యింకను రెండువందల సంవత్సరములు నిండలేదు. కావున దాని పుట్టుకకు సంబంధించిన లేఖలును సాక్ష్యములును నేటికిని నిలిచియున్నవి. ప్రాచీన మతముల యాదికథల వలె కాలగర్భమున కలిసిపోలేదు. ఇది మొదటి కారణము. తనవారియెడ పక్షపాతమును, పరులయెడ కాఠిన్యమును మనుష్యస్వభావములు. దూరమున నున్న దానిని తూచుచు త్రాసును సరిచేసికొని, పిదప నదే త్రాసును మన యింటికి దెచ్చుట న్యాయము. ఇది రెండవ కారణము.

ముందుగా వారి వాదమును వారి పక్షముననే నిలిచి చెప్పెదము. జోసెఫు స్మిత్తు 1805వ సంవత్సరమున వెర్మాంటు రాష్ట్రమందు జన్మించెను. బాల్యమున నతని కుటుంబము న్యూయార్కు రాష్ట్రపు పశ్చిమభాగమునకు వలసవచ్చెను. అక్కడ ప్రెస్బిటేరియనులు, మెథడిస్టులు, బాప్టిస్టులు జనులను తమ తమ సంఘములకు జేర్చుకొనుటకై పోటీపడుచుండిరి. ఒకే గ్రంథమును చేతబట్టి పలువురు పలువిధములుగ బోధించుట చూచి యా బాలుని మనస్సు కలత చెందెను. 1820వ సంవత్సరమున, పదునాలుగేండ్ల ప్రాయమున, అతడొక వనమునకు పోయి యేకాంతమున ప్రార్థించెననియు, అప్పుడు దైవదర్శనమయ్యెననియు, ఏ సంఘమునందును చేరవలదని తన కాజ్ఞ యయ్యెననియు పిమ్మట వ్రాసికొనెను. 1827వ సంవత్సరమున దేవదూత చూపిన కొండనుండి బంగారు రేకులను గైకొని, వానిపైనున్న లిపిని దైవశక్తిచే తర్జుమా చేసితినని యతడు చెప్పెను. అదియే 1830వ సంవత్సరమున పల్మైరా పట్టణమున నచ్చుపడిన మోర్మను గ్రంథము. ఆ యేడు ఏప్రిలు 6వ తేదిని సంఘము స్థాపింపబడెను. మరుసటి సంవత్సరమున ప్రకటించిన యొక దైవవాక్యము ఈ సంఘమే భూమియంతటిమీదను సత్యమైనదియు సజీవమైనదియు ననియు, ఇట్టిది వేరొకటి లేదనియు తెలుపుచున్నది. క్రీస్తు శిష్యుల యనంతరము యాజకాధికారము భూమిమీద నంతరించెననియు, అది జోసెఫు స్మిత్తు ద్వారా మరల నీయబడెననియు వారి సిద్ధాంతము.

ఈ నమ్మిక కొరకు వారు పడిన కష్టములు సామాన్యములు కావు. 1838వ సంవత్సరమున మిస్సోరి గవర్నరు వారిని నిర్మూలింపవలయును, లేదా రాష్ట్రమునుండి వెడలగొట్టవలయునని యుత్తరువు చేసెను. అదే దినములలో హానుగారి మర యనుచోట 17 మంది చంపబడిరి. 1844వ సంవత్సరమున కార్తేజి చెరసాలలో నున్న స్మిత్తును, అతని యన్నను అల్లరిమూక కాల్చి చంపెను. మిగిలిన వారిలో పెక్కురు బ్రిగము యంగు నాయకత్వమున పడమటి యెడారులు దాటి 1847వ సంవత్సరమున ఉప్పుసరస్సు లోయకు జేరి యచట నగరమును నిర్మించుకొనిరి. కావున వీరు నటకులని యొక్క మాటతో తీర్పు చెప్పువారు చరిత్రము నెరుగనివారు. అయినను కష్టసహనము నిష్కాపట్యమునకు గురుతగునే గాని సత్యమునకు ప్రమాణము కాజాలదు. ప్రతి మతమునకును ప్రాణములర్పించిన వారు గలరు. అందరి సిద్ధాంతములును ఒక్కటి కావు.

ఇక ప్రమాణములను విచారింతము. వారు చూపునవి ముఖ్యముగ మూడు: సాక్షులు, గ్రంథము, అంతస్సాక్ష్యము.

మొదటిది సాక్షుల మాట. బంగారు రేకులను చూచితిమని పదునొకండుగురు వ్రాలుచేసిరి. వారిలో ప్రధానులైన ముగ్గురును కాలక్రమమున స్మిత్తుతో విభేదించి సంఘమును వీడిరి. ఇద్దరు తరువాత మరల చేరిరి. సంఘమును వీడినప్పుడును వారు తమ సాక్ష్యమును వెనుకకు తీసికొనలేదు. ఇది వారి పక్షమున చెప్పదగిన మాట. కాని దీనిప్రక్కన మరియొక విషయమును పెట్టి చూడవలెను. స్మిత్తు మరణించిన పిదప, తానే యతని వారసుడనని జేమ్సు స్ట్రాంగు అను నతడు ప్రకటించెను. తన్నును దేవదూత యభిషేకించెననెను. 1845వ సంవత్సరమున విస్కాన్సిను ప్రాంతమున నేల త్రవ్వించి ఇత్తడి రేకులను వెలికి దీయించెను. త్రవ్విన నలుగురు సాక్ష్యమిచ్చిరి. దేవదూత, రేకులు, సాక్షులు, తర్జుమా అన్నియు నిక్కడను గలవు. అయినను బ్రిగము యంగు ననుసరించినవారు స్ట్రాంగును నమ్మరు. సాక్షులుండిన చాలునన్నచో నిద్దరిని నమ్మవలెను. చాలదన్నచో తమ సాక్షులనుకూడ మరల పరీక్షింపవలెను.

రెండవది గ్రంథము. దైవశక్తిచే తర్జుమా చేయబడినదని చెప్పు గ్రంథమునకు మూలము దొరకినప్పుడే పోల్చిచూచుట సాధ్యము. బంగారు రేకులు దేవదూతకు తిరిగి యీయబడెనని చెప్పుదురు గనుక వానిని చూచుటకు వీలులేదు. అయితే 1835వ సంవత్సరమున స్మిత్తు ఈజిప్టుదేశపు పపైరసు పత్రములను సంపాదించి, వానినుండి “అబ్రాహాము గ్రంథము” అనుదానిని వెలువరించెను. ఆ పత్రములలో కొన్ని తునుకలు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియములో బయల్పడి 1967వ సంవత్సరమున సంఘమునకు జేరినవి. ఈజిప్టు లిపి నెరిగిన పండితులు వానిని చదివి, అవి మృతులతో పాతిపెట్టు సామాన్యమైన ఉత్తరక్రియా పత్రములనియు, అబ్రాహాము ప్రసక్తి వానిలో లేదనియు తేల్చిరి. తునుకలలోని యక్షరములకును స్మిత్తు గ్రంథమునకును పొంతన లేదని సంఘమువారును 2014వ సంవత్సరపు తమ ప్రకటనలో నొప్పుకొనిరి. పోయిన పత్రములలో నది యుండియుండవచ్చుననియు, ఆ తునుకలు ప్రేరణకు నిమిత్తమాత్రములై యుండవచ్చుననియు వారు సమాధానము చెప్పుదురు. ఇట్టి సమాధానము నమ్మినవాని నమ్మకమును కాపాడుటకు చాలునేమో. నమ్మనివానిని “నీ మార్గము అసత్యము” అని ఖండించుటకు మాత్రము చాలదు.

మూడవది యంతస్సాక్ష్యము. ఇదియే వారికి ప్రధానము; మాకును ఇదియే మిక్కిలి విచార్యము. మోర్మను గ్రంథమును చదివి, నిష్కపటహృదయముతో దేవుని నడిగినచో పరిశుద్ధాత్మ దాని సత్యమును తెలుపునని యా గ్రంథాంతమున చెప్పబడినది. లక్షలకొలది జనులు అట్లు ప్రార్థించి, హృదయమున శాంతిని, ఉష్ణతను, వెలుగును పొందితిమని చెప్పుచున్నారు. వారు బొంకుచున్నారని మే మనము. ఏకాంతప్రార్థనమున నీశ్వరుడు హృదయమును తాకునన్న మాటను కాదనుటకు మేమెవరము?

అయితే స్ట్రాంగు ననుసరించినవారును ప్రార్థించియే యనుసరించిరి. 1860వ సంవత్సరమున స్మిత్తు కుమారుని నాయకునిగ జేసికొని వేరు సంఘము నేర్పరచుకొనినవారును ప్రార్థించియే యట్లు చేసిరి. భజనలో కన్నీరు కార్చు వైష్ణవుడును, నమాజులో సాగిలపడు ముసల్మానుడును, మౌనముగ కూర్చుండు క్వేకరును అట్టి శాంతినే పొందితిమని చెప్పుదురు. ఒకే విధమైన యనుభవము పరస్పరవిరుద్ధములైన సిద్ధాంతములకు ముద్ర వేయుచున్నప్పుడు ఆ ముద్రను మనము సరిగా చదువుచున్నామా యని ప్రశ్నించుకొనవలెను.

అంతస్సాక్ష్యము దేనికి సాక్ష్యము? గోదావరి నీరు త్రాగినవాడు దాహము తీరినదని చెప్పవచ్చును. ఆ నీరు తియ్యనని ప్రమాణము చేయవచ్చును. ఆ మాటను కాదనుట కెవరికి నధికారము లేదు. కాని గోదావరి నీరు త్రాగినంత మాత్రమున కృష్ణ నీరు ఉప్పనని యతనికెట్లు తెలిసినది? ఆ సంగతి గోదావరి చెప్పదు. దానిని తెలిసికొనవలెనన్న కృష్ణాతీరమునకు పోయి దోసిలి పట్టవలెను. “ఇచ్చట దేవుడు నాకు ప్రసన్నుడయ్యెను” అనుట అనుభవము. “మరియెచ్చటను ప్రసన్నుడు కాడు” అనుట అనుభవము కాదు. అది యనుభవమునకు మనము తగిలించిన తోక. ప్రతి యేకసత్యవాదమునందును ఈ తోకయే వచ్చి, అనుభవముయొక్క గౌరవమును దొంగిలించుకొని తిరుగుచున్నది.

అట్లే 1827వ సంవత్సరమున నొక కొండలో రేకులుండెనా లేదా యను చారిత్రకప్రశ్నకు హృదయశాంతి యుత్తరము కాజాలదు. న్యాయస్థానమున దస్తావేజు అసలైనదా కాదా యని యడిగినప్పుడు, “దానిని చదివినప్పుడు నా మనస్సున కానందమయ్యెను” అని ప్రత్యుత్తరమిచ్చిన నేన్యాయాధిపతి యంగీకరించును? దయ మంచిదని హృదయము చెప్పవచ్చును. తేదీలను హృదయము చెప్పజాలదు.

మరియొక విషయము. ఏకసత్యము చేతనున్నదన్న సంఘము కాలముతో మారినప్పుడు ఏమి చెప్పవలెను? బహుభార్యాత్వము దైవాజ్ఞ యని 1852వ సంవత్సరమున బహిరంగముగ ప్రకటింపబడెను. ప్రభుత్వపు శాసనములచే పీడితులై, 1890వ సంవత్సరమున నధ్యక్షుడు విల్ఫర్డు వుడ్రఫు దానిని మానవలసినదని ప్రకటించెను. ఆఫ్రికావంశీయులైన పురుషులకు యాజకత్వము లేదని 1852వ సంవత్సరము మొదలుకొని బోధింపబడెను. సంఘపు తొలిదినములలోనే అట్టివా డొకడు, ఎలైజా ఏబెలు, యాజకత్వము పొందియుండియు ఇట్లు జరిగెను. 1978వ సంవత్సరము జూను నెలలో నొక కొత్త దైవప్రకటనచే నా నిషేధము తీసివేయబడెను. దానిని సమర్థించుటకు పూర్వులు చెప్పిన కారణములను సంఘము 2013వ సంవత్సరమున త్రోసిపుచ్చినది. ఈ మార్పులను మేము నిందింపము. తప్పును విడుచుట యెవరికైనను శోభయే. కాని నూటయిరువది సంవత్సరములకు పైగా, సత్యము మాయొద్దనే యున్నదని చెప్పుచు, వర్ణమును బట్టి సోదరుని గడపవెలుపల నిలిపిన సంఘమునకు, ఆ కాలమున వెలుపలివారివద్ద నేర్చుకొనవలసిన దేమియు లేకుండెనా? ఆ విషయమున సత్యము గడపవెలుపల నిలువబడిన సోదరునితోనే యుండెను గదా!

ఇంతమాత్రముచే వారియందు సత్యము లేదని చెప్పుట మా యుద్దేశము కాదు. 1833వ సంవత్సరము మొదలు వారు మద్యమును, పొగాకును, కాఫీ టీలనుకూడ వర్జింపవలయునని బోధించుచున్నారు. ఉదయమున కాఫీ యాలస్యమైనచో గృహమెల్ల నదరగొట్టు మనవారికి దీనిలోని నిగ్రహము తెలియకపోదు. 1842వ సంవత్సరముననే స్త్రీలు పేదల సహాయార్థము సమాజము నేర్పరచుకొనిరి. తమ యాదాయమున పదియవ వంతును సంఘమున కర్పించుట వారి నియమము. వారి సిద్ధాంతమునందును ఔదార్యము లేకపోలేదు. మానవులలో దాదాపు అందరును తుదకేదో యొక మహిమలోకమును పొందుదురని స్మిత్తు 1832వ సంవత్సరమున బోధించెను. మహమ్మదు, కన్ఫ్యూషియసు, సోక్రటీసు, ప్లేటో మున్నగువారును దేవుని వెలుగులో కొంతభాగమును పొందిరని సంఘాధ్యక్షులు 1978వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ప్రకటించిరి. తమ లెక్క ప్రకారము వారు కోటి డెబ్బదిలక్షలకు పైబడియున్నారు. ప్రపంచజనసంఖ్య ఎనిమిదివందల కోట్లు దాటినది. అనగా వేయిమందిలో ఇద్దరు. సంఖ్య సత్యమునకు కొలమానము కాదు. కాని సర్వలోకపిత వేయిమంది బిడ్డలలో ఇద్దరికి మాత్రమే తన గృహద్వారము చూపెనన్న మాట పితృశబ్దమునకు తగియున్నదా యని యడుగుట తప్పుకాదు. వారి పెద్దలకును ఈ ప్రశ్న తోచినందుననే పై యౌదార్యవాక్యములు పలికిరేమో.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును: “సత్యము ఒక్క మతమునకే సొత్తు కాదన్నచో, అన్ని మతములును సమానముగ సత్యములేనా? అట్లయిన విచారణ యెందుకు? సంస్కరణ మెందుకు?” ఇది మంచి యాక్షేపము. మా ప్రత్యుత్తరమిది. సత్యము పంచబడియున్నదనుట వేరు. అసత్యమే లేదనుట వేరు. రేకులుండెనా లేదా యన్నప్పుడు రెండుత్తరములును నిజములు కాజాలవు. ఒక మనుష్యుని వర్ణముచేత తక్కువవానిగ నెంచు బోధ అమెరికాలో నున్నను, మన యగ్రహారములో నున్నను అసత్యమే. “అన్నియు ఒక్కటియే” అని తలయూపి నిద్రించుట యౌదార్యము కాదు, సోమరితనము. గ్రంథమునందుగాని, గురువునందుగాని, సంఘమునందుగాని సత్యము తాళము వేయబడి యుండదు కావుననే ప్రతి గ్రంథమును, ప్రతి గురువును, ప్రతి సంఘమును పరీక్షింపవలసిన విధి మనకు గలదు.

ఇప్పుడు త్రాసును మన యింటికి దెచ్చెదము. కాలము ఒక వింతను చూపుచున్నది. స్మిత్తు వనమున ప్రార్థించితినన్న 1820వ సంవత్సరముననే కలకత్తాలో రామమోహనరాయలు క్రీస్తు నీతిబోధలను సంగ్రహించి ప్రకటించెను. మోర్మను సంఘము పుట్టిన 1830వ సంవత్సరముననే, జనవరి నెలలో, బ్రాహ్మసమాజమందిరము తెరువబడెను. ఆ మందిరపు ధర్మపత్రము భేదములేక యెల్లవారికిని ద్వారము తెరచి, అన్యులు పూజించు దేనిని నచ్చట నిందింపగూడదని నియమించినది. ఒకరు మతకలహమునకు మందుగ సత్యసంఘ మొక్కటియే యనిరి. మరియొకరు అదే కలహమునకు మందుగ సత్యమునకు గోడలు లేవనిరి. మేము రెండవ పక్షమువారము. అయినను రెండవ పక్షమువారందరును ఆ మాటను నిలుపుకొనిరా?

వేదములు భ్రమప్రమాదరహితములని మన పెద్దలును కొంతకాలము నమ్మిరి. దేవేంద్రనాథ ఠాకూరుగారు నలుగురు విద్యార్థులను కాశికి పంపి వేదములు చదివించి, అక్షయకుమారదత్తు మున్నగువారితో దీర్ఘముగ వాదించి, తుదకా నమ్మికను విడిచిరి. ఇది కష్టముతో గెలిచిన విజయము. కాని గ్రంథమును దింపిన పీఠముమీద మనుష్యుని కూర్చుండబెట్టుట సులభము. 1872వ సంవత్సరపు వివాహశాసనము వధువునకు పదునాలుగు, వరునకు పదునెనిమిది యేండ్లుండవలయునని విధించినది. దానికై మిక్కిలి పాటుపడిన కేశవచంద్రసేనుగారే 1878వ సంవత్సరమున, ఆ వయస్సు నిండని తమ కుమార్తెను వయస్సు నిండని కూచబిహారు రాజునకిచ్చి వివాహము చేసి, ఇది దైవాదేశమనిరి. వారి భక్తి గొప్పది. వారి వాగ్ధార గొప్పది. అయినను “ఆదేశము” అన్న మాట వినబడగానే విచారణ నోరు మూసికొనవలెనా? మూసికొననివారు ఆ సంవత్సరము మే నెలలో సాధారణ బ్రాహ్మసమాజమును స్థాపించిరి. అంతస్సాక్ష్యము ఒకని సొత్తయినచో బ్రాహ్మమందిరమునందును మోర్మను ప్రవక్తకు సోదరుడు పుట్టగలడని యీ కథ మనకు చెప్పుచున్నది.

మరియొకటి. 1893వ సంవత్సరమున చికాగో నగరమున సర్వమతమహాసభ జరిగెను. మన ప్రతాపచంద్ర మజుందారుగారు ఆ వేదికనెక్కి ప్రసంగించిరి. ఆ సభకు పిలుపు రాని వారెవరో యెరుగుదురా? మోర్మనులు. వారి పెద్ద బి. హెచ్. రాబర్ట్సు పట్టుబట్టి యడుగగా, మహాసభలో గాక ప్రక్కగదిలో చదువుకొమ్మనిరి. అతడు దానిని నిరాకరించెను. అన్ని మతములకును చోటు గల సభలో “మాదొక్కటియే సత్యము” అన్నవారికి మాత్రము చోటు దొరకలేదు! గోడలు లేవన్నవారును గోడ కట్టగలరు. దానికి ఔదార్యమని పేరుపెట్టుకొనినంత మాత్రమున నది గోడ కాకపోదు.

చదువరులారా, ఈ విచారణ పుస్తకములకే పరిమితము కాదు. 2012వ సంవత్సరమున భారతదేశమునందలి మోర్మనుల మొట్టమొదటి మండలసంఘము హైదరాబాదులోనే యేర్పడినది. వారి గ్రంథము తెలుగుననుకూడ గలదు. తెల్లచొక్కా తొడిగి, మెడకు టై కట్టుకొనిన యిద్దరు యువకులు ఒకనాడు మీ వాకిటను నిలువవచ్చును. ఆ దినమున మీరేమి చేయుదురు? పరిహసించి పంపుదురా? చర్చ యెందుకని “అన్నియు ఒక్కటియే” యని తప్పించుకొందురా?

మేము కోరునది వేరు. వారిని లోనికి బిలిచి కూర్చుండబెట్టుడు. కాఫీ యీయబోకుడు, మంచినీరీయుడు. వారి యనుభవమును శ్రద్ధతో వినుడు. అది మీకును మేలు చేయవచ్చును. పిమ్మట మృదువుగ నడుగుడు: “నాయనలారా, మీ బావినీరు తియ్యనని నమ్మెదము. మా బావినీటిని మీరు రుచి చూచితిరా?” ఆ రాత్రి వారు పోయిన పిదప అదే ప్రశ్నను మీకు మీరే వేసికొనుడు. మీరు నమ్మినదానిలో స్వయముగ పరీక్షించిన దెంత, పుట్టుకతో వచ్చిన దెంత, గర్వముచే నిలుపుకొన్న దెంత? తప్పని తేలినచో దేనిని విడుచుటకు మీరు సిద్ధముగ నున్నారు?

దేనిని విడుచుటకును సిద్ధముకానివాడు, ఏ మతమువాడైనను, ఏ సమాజమువాడైనను, సత్యమును తన సొత్తుగ నెంచినవాడే. సత్యము మన సొత్తు కాదు. మనమే సత్యమునకు సొత్తు. ఈ మాటను మరువకుండునట్టి వినయమును సర్వేశ్వరుడు మనకును, ఉప్పుసరస్సు తీరమునందలి మన సోదరులకును సమముగ ప్రసాదించుగాక.